రద్దీలో పోతున్న ముస్తక్బిల్

సైన్స్ ఫిక్షన్ అనగానే మన ఇండ్లల్లో చాలామందికి అది అంగ్రేజీవాళ్ల షౌఖ్ అనే ఖయాల్ వస్తుంది. మార్స్ మీదికి పోవడం, మరమనుషులు, కాలంలో ముందుకీ వెనక్కీ తిరగడం... ఇదంతా కడుపు నిండినోళ్ల ఖయాలీ పులావ్ అంటాడు మా చిన్న చాచా. మనకు ఆధార్ కార్డులో పేరు తప్పులేకుండా పడడమే పెద్ద కరామత్, ఇంక చాంద్ మీద కాలనీలు ఎందుకురా అని నవ్వుతాడు. ఆయన మాటలో సచ్చాయి లేదని నేననను. కాని హిందుస్తాన్‌లో ఇట్లాంటి కథ రాసిన తొలి కలాల్లో ఒకటి పర్దాలో పెరిగిన ముస్లిం ఔరత్‌ది. ఆ కథను అచ్చేసింది ఒక తెలుగు ఔరత్ నడిపిన చిన్న పత్రిక. ఈ రెండు సంగతులు మన పిల్లలకు ఏ స్కూలు కితాబులోనూ కనిపించవు.

ఆ రచయిత్రి బేగం రొకయా సఖావత్ హుసేన్. 1880లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ వైపు పైరాబంద్‌లో ఒక జమీందారీ ఖాందాన్‌లో పుట్టింది. ఆడపిల్లలకు తిలావత్, కొంచెం ఉర్దూ, ఫార్సీ చాలని ఆ ఇంటి ఫైసలా. బంగ్లా, అంగ్రేజీ మనా. అంగ్రేజీని ఆమె అన్న రాత్రుళ్లు అందరూ పడుకున్నాక చిరాగ్ వెలుతురులో నేర్పాడు. బంగ్లా అక్క దగ్గర నేర్చుకుంది. నికాహ్ భాగల్‌పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేట్‌గా పనిచేసే సయ్యద్ సఖావత్ హుసేన్‌తో అయింది. ఆయన ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, కాని బేగం చదువుకు అడ్డం రాలేదు. ఆయన డ్యూటీ మీద టూర్ పోయినప్పుడు, ఇంట్లో పొద్దు గడవక, 1905లో ఆమె అంగ్రేజీలో ఒక కథ రాసింది. 'సుల్తానాస్ డ్రీమ్', అంటే సుల్తానా ఖ్వాబ్. ఆయన తిరిగొచ్చి కూర్చోకుండా నిలబడే మొత్తం చదివాడని ఆమే తర్వాత చెప్పుకుంది.

కథ చెప్తే మా అమ్మీ నమ్మలేదు, నువ్వు కల్పించి చెప్తున్నావంది. ఆ దేశంలో ఆడవాళ్లు బజార్లో బేఫికర్‌గా తిరుగుతారు, మొగవాళ్లు ఇంట్లో. జనానా ఉన్నట్టే అక్కడ మర్దానా. బావర్చీఖానాలో పొగ లేదు, బొగ్గు లేదు. సూర్యుడి వేడిని పట్టుకొచ్చి దానితోనే వంట. మేఘాల్లోంచి నీళ్లను పైపులతో లాగి చేన్లకు పెడతారు, కాబట్టి వరద లేదు, కహత్ లేదు. పోవాలంటే గాలిలో తేలే బండి. శత్రువు దండెత్తితే ఆడవాళ్ల యూనివర్సిటీవాళ్లు సూర్యకిరణాలను పోగేసి ఫౌజ్ మీదికి తిప్పుతారు, ఒక్క తల్వార్ లేవకుండానే లడాయి ఖతమ్. 1905లో రాసిన మాటలివి. మా పాలమూరు ఇండ్లల్లో ఔరత్‌లు కట్టెల పొయ్యి పొగకు కండ్లు తుడుచుకుంటూ ఇంకా ఎన్నేండ్లు గడిపారో మీకు తెలుసు. సోలార్ వంట సంగతి ఆమె అప్పుడే ఆలోచించింది.

ఈ కథ అచ్చయింది మద్రాసులో, 'ది ఇండియన్ లేడీస్ మేగజైన్'లో. 1901లో ఆ పత్రిక మొదలుపెట్టింది కమలా సత్తియనాథన్. పుట్టింది రాజమండ్రిలో, ఓరుగంటివారి ఇంట్లో. తెలుగు క్రైస్తవ ఖాందాన్. ఎం.ఏ. వరకు చదివింది, ఆ రోజుల్లో మద్రాసు వైపు ఆడవాళ్లలో అది ఎంతో అరుదు. మన హైదరాబాద్ సరోజినీ నాయుడు నజ్మ్‌లు కూడా ఆ పత్రికలో వచ్చాయి. 1906లో కమల శౌహర్ చనిపోయాడు. పిల్లలను సాకుతూనే ఆమె 1918 దాకా పత్రిక నడిపింది. ఆగిపోయాక 1927లో మళ్లీ మొదలుపెట్టి ఇంకో పదేండ్లు లాగింది. రొకయాకు, కమలకు 1905లో ఇద్దరికీ ఇరవైల వయసు. ఒకరు భాగల్‌పూర్ పర్దాలో, ఒకరు మద్రాసులో. ఒకరిది బంగ్లా, ఒకరిది తెలుగు. కలిసింది అంగ్రేజీ కాగితం మీద. పెద్ద పత్రికలవాళ్లు ఇట్లాంటి కథను ఏం చేసేవాళ్లో నేను చెప్పలేను గాని, చిన్న పత్రిక నడిపే ఒక ఔరత్‌కు మాత్రం అందులో ఏముందో తెలిసింది. కథ 1908లో కలకత్తాలో కితాబుగా వచ్చింది. రొకయా ఆ తర్వాత ఐదుగురు ఆడపిల్లలతో భాగల్‌పూర్‌లో స్కూలు పెట్టింది, 1911లో దాన్ని కలకత్తాకు మార్చింది. ఆ కథ ఆమెకు పొద్దుపోని ఆట అయితే ఆ స్కూలు ఉండేది కాదని నా యఖీన్.

చిన్న పత్రికల దునియా అంగ్రేజీలో వేరే రకంగా పెరిగింది. 1926 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 'అమేజింగ్ స్టోరీస్' తెచ్చాడు. పూర్తిగా సైన్స్ ఫిక్షన్ కోసమే వచ్చిన తొలి అంగ్రేజీ మాసపత్రిక అది. ఆయన లక్సెంబర్గ్ నుంచి వలస వచ్చినవాడు, రేడియో సామాను తిజారత్ చేసినవాడు. మూడేండ్లకే దివాలా తీసి ఆ పత్రిక పోగొట్టుకున్నాడు. రచయితలకు పైసలు సరిగ్గా ఇవ్వడనే బద్‌నామీ కూడా ఉంది. ఆయన చేసిన ఒక పని మాత్రం నిలిచిపోయింది. పాఠకుల ఖతూత్ అచ్చేస్తూ కింద వాళ్ల పూరా పతా వేశాడు. ఎక్కడెక్కడో ఒంటరిగా ఈ కథలు చదువుకునే పిల్లలు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టారు. ఉత్తరాల నుంచి సంఘాలు, సంఘాల నుంచి సొంత పత్రికలు. 1930 మేలో చికాగో నుంచి 'ది కామెట్' వచ్చింది. ఇట్లాంటి వాటికి 1940లో 'ఫ్యాన్‌జీన్' అని పేరు పడింది.

అవి సైక్లోస్టైల్ పత్రికలు. సైక్లోస్టైల్ అంటే నా వయసువాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మా స్కూల్లో క్వార్టర్లీ పరీక్షల పేపర్లు దాని మీదే వచ్చేవి. మైనం పూసిన స్టెన్సిల్ మీద ఇనుప మొనతో గీకి రాయాలి, సిరా పూసిన రోలర్ తిప్పాలి, చేతులు, చొక్కా నల్లగా కావాలి. కాపీలు ఎక్కువైన కొద్దీ అక్షరాలు మసకబారేవి. క్లీవ్‌లాండ్‌లో ఇద్దరు పిల్లలు, జెర్రీ సీగెల్, జో షుస్టర్, అట్లాగే ఒక పత్రిక వేశారు. వలస వచ్చిన యహూదీ ఖాందాన్‌ల పిల్లలు. ఐదు సంచికలే వచ్చాయి. 1933 జనవరి సంచికలో 'సూపర్‌మ్యాన్' పేరుతో ఒక కథ ఉంది. అందులో సూపర్‌మ్యాన్ బద్మాష్! తర్వాత వాళ్లే ఆ పేరును నేక్ మనిషిగా మార్చారు, 1938లో అతను కామిక్ పుస్తకంలోకి ఎక్కాడు. ఈ రోజు మన పిల్లల టిఫిన్ డబ్బాల మీద కనిపించే ఆ ఎర్ర శాలువావాడి పుట్టుక ఒక సైక్లోస్టైల్ కాగితం మీద. రే బ్రాడ్‌బరీ కూడా పందొమ్మిదేండ్ల వయసు ప్రాంతంలో, 1939-40ల్లో, సొంతంగా నాలుగు సంచికలు వేశాడు. అచ్చేసేవాడు దొరకని పిల్లలు తామే అచ్చేసుకున్నారు, అంతే.

ఇప్పుడు తారీఖులు చూడండి. అమేజింగ్ స్టోరీస్ వచ్చిన మరుసటి నెల, 1926 మే 10న హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలైంది. నడిపింది మన గద్వాల వైపు ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి. ఉర్దూ, ఫార్సీ వచ్చినవాడు. 1952లో వనపర్తి నుంచి అసెంబ్లీకి కూడా గెలిచాడు. అంతకుముందే, 1913లో మహబూబ్‌నగర్ నుంచి 'హితబోధిని' అనే మాసపత్రిక వచ్చింది. దానికి అండగా నిలిచింది ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉన్న ఆత్మకూరు సంస్థానం. సేద్యం, వైద్యం, ఇల్మ్ గురించి రాసేవాళ్లు అందులో. 1922లో వరంగల్ వైపు ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సోదరులు సొంత ప్రెస్ పెట్టి 'తెనుగు పత్రిక' నడిపారు. ఒక పల్లెలో అచ్చు యంత్రం! అంటే అమెరికా పిల్లల దగ్గర ఉన్న హిమ్మత్, దీవానాపన్ మన దగ్గరా ఉన్నాయి. మార్స్ కథలు మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదో నాకు అర్థమైంది 1934 నాటి 'గోలకొండ కవుల సంచిక' చూసినప్పుడు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాసినదానికి జవాబుగా సురవరం 354 మంది కవుల కవితలు పోగేసి అచ్చేశాడు. ఎంత మెహనత్! పోస్టు కార్డులు, ఉత్తరాలు, ఊరూరా వెతుకులాట. ఆ మెహనత్ అంతా ఒక్క మాట కోసం: మేమున్నాం. మేమున్నామని గవాహీ ఇచ్చుకోవడానికే ఒక నస్ల్ కలం అరిగిపోతే, వంద ఏండ్ల తర్వాత ఎట్లుంటామో రాసే ఫుర్సత్ ఎవరికి ఉంటుంది?

మన తెలుగు ముస్లిం రాతలోనూ ఇదే జరిగిందని నా అభిప్రాయం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా', 2004లో స్కైబాబ సంపాదకత్వంలో కథల సంకలనం 'వతన్'. వాటిని చదివి మేం మనుషులమైనట్టు అనిపించిన రోజులున్నాయి నాకు. ఆ కితాబుల పేర్లే చూడండి: ఒంటి మీది మచ్చ, భూకంపం, పుట్టిన నేల. మేం ఇక్కడివాళ్లమే అని చెప్పుకోవడం. అది చెప్పాల్సిన జమానానే, ఇప్పటికీ చెప్పాల్సే వస్తోంది, ఎవరినీ తప్పుపట్టను. కాని మాజీ గురించి, ఈ రోజు తగిలిన గాయం గురించి ఇంత రాసుకున్నాం, ముస్తక్బిల్ గురించి ఎంత రాశాం? మన తెలుగు కథల్లో 2100లో అజాన్ వినిపిస్తుందా? ఆ రోజు వనపర్తిలో బిర్యానీ ఎవరు వండుతారు, ఏ పొయ్యి మీద?

ఉర్దూలో మాత్రం మన ఇండ్లల్లోకి ముస్తక్బిల్ నెలనెలా పోస్టులో వచ్చేది. దానికి జమీన్ తయారుచేసింది మన హైదరాబాదే. 1917లో ఉస్మానియా యూనివర్సిటీ కోసం దారుత్తర్జుమా పెట్టారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, డాక్టరీ కితాబులన్నీ ఉర్దూలోకి. కొత్త లఫ్జ్ ఎట్లా తయారుచేయాలో 1921లో వహీదుద్దీన్ సలీమ్ ఏకంగా ఒక కితాబే రాశాడు, 'వజ్-ఎ-ఇస్తిలాహాత్'. 1928లో అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూ ఔరంగాబాద్ నుంచి 'సైన్స్' అనే రిసాలా తెచ్చింది. అప్పుడు ఔరంగాబాద్ కూడా నిజాం రియాసత్‌లోనిదే. ఆ లఫ్జ్‌ల విరాసత్‌లోనే నేను గద్వాలలో ఉర్దూ మీడియం చదివాను. గ్రావిటీ మాకు కషిష్-ఎ-సఖల్, ప్లానెట్ సయ్యారా, మార్స్ మిర్రీఖ్, స్పేస్ ఖలా. అంతరిక్షంలోకి పోయేవాడు ఖలాబాజ్. క్లాసులో ఆ లఫ్జ్ వచ్చిన ప్రతిసారీ వెనక బెంచీ నుంచి 'మా ఖాలా కూడా పోతుందా సర్?' అని ఒకడు అడిగేవాడు, అందరికీ బెత్తం దెబ్బలు పడేవి. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక గురుత్వాకర్షణ, అంగారకుడు నేర్చుకున్నాను. రెండు ఆకాశాలు దొరికాయి నాకు. మా తమ్ముళ్లకు ఒకటే దొరికింది, వాళ్ల పిల్లలకు అంగ్రేజీది.

ఢిల్లీ షమా గ్రూపు నుంచి వచ్చే 'ఖిలౌనా' గుర్తుందా? 1948లో మొదలై 1987 దాకా నడిచిన పిల్లల రిసాలా. సిరాజ్ అన్వర్ 'ఖౌఫ్‌నాక్ జజీరా', 'కాలీ దునియా', 'నీలీ దునియా' అందులోనే సీరియల్‌గా వచ్చాయి. సముద్రం, వింత జంతువులు, వేరే గ్రహంవాళ్లు, సైన్స్, జాదూ అన్నీ కలగాపులగం. ఇంకో వైపు ఇబ్నె సఫీ. 1952 మార్చిలో అలహాబాద్ నుంచి 'జాసూసీ దునియా' మొదలైంది. నెలకో నావెల్, రిసాలా లాగే. అదే ఏడాది ఆయన కరాచీ వెళ్లిపోయినా ఇక్కడ అచ్చు ఆగలేదు. 1955 నుంచి ఇమ్రాన్ సిరీస్. జాసూసీ కథలే, కాని వాటిలో 'జీరోలాండ్' అని ఎవరికీ కనిపించని ఒక రాజ్యం ఉంటుంది. అక్కడివాళ్ల సైన్స్ మిగతా దునియా కంటే ఎంతో ముందుంటుంది. వాళ్ల మనుషుల్లో అందరినీ హడలగొట్టేది థెరేసియా అనే ఔరత్. నాగర్‌కర్నూల్‌లో మా ఖాలా ఈ నావెళ్లను ఆటా డబ్బాలో దాచుకుని చదివేది. ఖాలూజాన్‌కు తెలిసినా తెలియనట్టు ఉండేవాడు. ఎందుకంటే ఆ డబ్బా నుంచే ఆయనా తీసుకునేవాడు.

ఈ ఉర్దూ రిసాలాల గురించి ఒక సంగతి ఎవరూ చెప్పరు. ప్రతి పేజీ చేత్తో రాసిందే. తెలుగు అచ్చుకు సీసం అక్షరాలు, వత్తులు, గుణింతాలు గళ్లలో పేర్చుకునేవాళ్లు. నస్తాలీఖ్‌కు ఆ పద్ధతి కుదరలేదు, అక్షరం ఏటవాలుగా దిగుతూ పోవాలి కదా. అందుకని కాతిబ్ కూర్చుని మసాలా పూసిన పచ్చటి కాగితం మీద రెల్లు కలంతో మొత్తం కథ రాసేవాడు. దాన్ని రాతి మీదికో, జింకు రేకు మీదికో దించి అచ్చుకొట్టేవాళ్లు. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' దినపత్రిక మొన్నమొన్నటి దాకా అట్లా చేతిరాతతోనే వచ్చింది. 1981లో లాహోర్‌లో ఒక అఖ్బార్ నూరీ నస్తాలీఖ్ కంప్యూటర్ మీదికి మారింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఇక్కడా కాతిబ్‌ల రోజీ పోయింది. రాకెట్లు, రోబోలు, చాంద్ మీద దిగడం... ఇవన్నీ మొఘలుల కాలం నాటి కలంతో ఒక మనిషి నేల మీద చాప వేసుకుని రాశాడు. వచ్చే మరను గురించి రాసిన కథను నఖల్ చేస్తున్నప్పుడు, అదే తన పని తినేస్తుందని వాళ్లలో ఎవరికైనా తట్టిందో లేదో.

నిరుడు వనపర్తిలో ఒక రిటైర్డ్ మాస్టర్ ఇంట్లో పాత సామాను తీసేస్తుంటే వెళ్లాను. మాస్టర్ గుజర్ గయే, కొడుకులు ఒకరు హైదరాబాద్, ఒకరు జిద్దా. ఇద్దరికీ ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. రద్దీవాడు తరాజూ తెచ్చాడు. తెలుగు అఖ్బార్‌ల కట్టతో పాటు ఖిలౌనాలు, జిల్ద్ ఊడిన జాసూసీ దునియాలు, పోస్టు చిరునామా చీటీలు అంటించి ఉన్న ఇంకేవో రిసాలాలు. సగానికి చెదలు పట్టాయి. ఒక పేజీలో కాతిబ్ ఒక లఫ్జ్ మరిచిపోయి, రెండు లైన్ల మధ్య చీమంత అక్షరాలతో ఇరికించాడు. నేను ఒక కట్ట తెచ్చుకున్నాను. మిగిలినవి బజ్జీల బండికి పోయాయి. ఇప్పుడు పాత ఉర్దూ రిసాలాలు చాలా స్కాన్ చేసి రేఖ్తా వాళ్లు నెట్‌లో పెట్టారు, ఖుదా వాళ్లకు భలా చేయాలి. పేరున్నవి అక్కడ దొరుకుతాయి. జిల్లాల్లో అచ్చయిన చిన్నాచితక రిసాలాల కాపీ మాత్రం ఏ ఇంటి అటక మీదో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

తెలుగులో సైన్స్ ఫిక్షన్ లేదని కాదు. కె.ఆర్.కె. మోహన్, మైనంపాటి భాస్కర్ రాశారు, యండమూరి 'యుగాంతం' రాశాడు. 1991లో 'ఆదిత్య 369' వచ్చినప్పుడు టైమ్ మెషిన్ అంటే ఏమిటో చదువురాని నానీమాకు కూడా అర్థమైంది. కాని బంగ్లాలో 1963 జనవరిలో అద్రీశ్ వర్ధన్ 'ఆశ్చర్య' పెట్టినట్టు సైన్స్ ఫిక్షన్ కోసమే ఒక పత్రిక తెలుగులో పాతుకోలేదు. ఆ 'ఆశ్చర్య' చుట్టూ సత్యజిత్ రాయ్ లాంటివాళ్లు చేరారు, సినిమా క్లబ్ కూడా పెట్టారు. మన దగ్గర వారపత్రికలు బలంగా ఉండేవి. సీరియల్‌కు పైసలిచ్చేవి, లక్షల ఇండ్లకు చేర్చేవి. సైన్స్ ఫిక్షన్ రాసేవాడికి అక్కడే జాగా దొరికేది, షర్త్ ఏమిటంటే ఒక లవ్ స్టోరీ, ఒక ఖూనీ కూడా ఉండాలి. ఇంకో వైపు లఘుపత్రికలు కవిత్వానికి, ఉద్యమాలకు అంకితమయ్యాయి. వాటికి మార్స్ మీద నమ్మకం లేదు. ఈ రెంటి మధ్య, ఒంటరిగా చదువుకునే పిల్లలు ఒకరి పతా ఒకరు తెలుసుకునే జాగా ఏర్పడలేదు. వారపత్రికలు పోయాయి, వాటితో పాటు సైన్స్ ఫిక్షన్ జాగా కూడా.

దీని నుక్సాన్ మా ఇంట్లోనే చూశాను. గద్వాలలో మా చెల్లెలి కూతురు ఇంటర్, ఎంపీసీ. పోయిన రమ్‌జాన్‌కు ముందు, చాంద్ కనిపించిందా లేదా అని ఫోన్ల మీద ఫోన్లు నడుస్తున్న సాయంత్రం, డాబా మీద నన్ను అడిగింది: "మామూ, చాంద్ పేచ్ రహే తో చాంద్ కైసా దేఖ్నా?" నా దగ్గర జవాబు లేదు. ఆమె దగ్గర ఉంది, రెండు నెలల్లో కథగా రాసింది, తెలుగులో. చాంద్ మీద ఒక బస్తీ. అందులో గద్వాల నుంచి వెళ్లిన ఒక ఖాందాన్. నానీమాకు నెలవంక చూడందే రోజా మొదలుపెట్టడం ఇష్టం లేదు. నిలబడిందే చాంద్ మీద, ఇంక ఎక్కడ చూస్తుంది? భూమి మీద అమావాస్య అయిన రోజు అక్కడి నుంచి భూమి నిండుగా, పూర్ణిమలా కనిపిస్తుంది. ఇది పిల్ల లెక్క వేసి చెప్పింది, నిజమే కూడా. నానీమా ఆ నిండు భూమిని చూసి దువా చేసి, కృష్ణా నది ఎక్కడుందో వెతుకుతుంది. ఇంకొకటి. చాంద్ ఒక ముఖమే ఎప్పుడూ మన వైపు ఉంటుంది కాబట్టి, అక్కడివాళ్లకు భూమి ఆకాశంలో దాదాపు ఒకేచోట ఉంటుంది. అంటే ఖిబ్లా దిక్కు పెద్దగా కదలదు, నానీమా ముసల్లా తిప్పాల్సిన పని లేదు.

ఈ పిల్ల అడిగినవి హవాయీ సవాళ్లేం కావు. 1985లో సౌదీ షహజాదా సుల్తాన్ బిన్ సల్మాన్ డిస్కవరీలో వెళ్లాడు, రమ్‌జాన్ ఆఖరు రోజుల్లో. 2007 అక్టోబర్‌లో మలేషియా డాక్టర్ షేక్ ముస్జఫర్ షుకూర్ స్పేస్ స్టేషన్‌కు వెళ్లినప్పుడు, అక్కడ నమాజ్, ఖిబ్లా ఎట్లా అని వాళ్ల ఉలమా కూర్చుని హిదాయత్‌లు తయారుచేశారు. ఈద్ అక్కడే అయింది ఆయనకు. ఉలమా ఆలోచించిన దాని గురించి కథకులు ఆలోచించకపోవడమే వింత.

కథను ఒక సంకలనానికి పంపింది. ఎవరిదో పేరు చెప్పను, మంచి మనసున్నవాళ్లే. జవాబు వచ్చింది: కథ బాగుంది గాని ఇందులో ముస్లిం జీవితం కనిపించలేదు, పేదరికం, పర్దా, తలాఖ్ లాంటి సమస్య ఏదైనా తీసుకుని రాస్తే పరిశీలిస్తాం. పిల్ల ఏడవలేదు. ఫోన్ నా చేతికిచ్చి, "నానీమా రోజా ఉండడం ముస్లిం జీవితం కాదా మామూ?" అని అడిగింది. నేను ఇరవై ఏండ్లుగా అఖ్బార్‌లో రాస్తున్నాను. మా దగ్గరికి కూడా ముసల్మాన్ పేరుతో వార్త వస్తే అందులో గొడవ ఎక్కడుందని డెస్కు మీద వెతుకుతారు. కాబట్టి ఆ జవాబు నాకు కొత్త కాదు. పిల్లకు కొత్త.

రొకయా కథలో మాత్రం ఏ బాధా లేదా? ఉంది, నిండా ఉంది. కాని ఆమె దాన్ని ఏడ్చి చూపించలేదు, తలుపు ఇవతలి వైపు మొగవాళ్లను కూర్చోబెట్టింది. ఆ కథకు కమల జవాబుగా 'ఇందులో పర్దా బాధలు కనిపించలేదు' అని రాసి ఉంటే ఏమయ్యేదో అని ఆ రాత్రి అనుకున్నాను.

భాంజీ ఆగలేదు. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివే ఒక దోస్త్ బొమ్మలు వేస్తుంది. నాగర్‌కర్నూల్ నుంచి ఇంకో పిల్ల నల్లమలలో చెట్లు మాట్లాడుకునే యంత్రం గురించి రాసింది. ముగ్గురూ కలిసి పదహారు పేజీలు చేత్తో రాసి జిరాక్స్ తీశారు. కథలు తెలుగులో, లఫ్జ్‌లు ఇంట్లో మాట్లాడేవే. ఖలా, సయ్యారా, కహకషాన్ అన్నీ తెలుగు లిపిలో, కింద అర్థాలు ఏమీ లేకుండా. పత్రిక పేరు మీద ఝగడా తెగలేదు కాబట్టి మొదటి సంచిక పేరు లేకుండానే వచ్చింది, అట్ట మీద చాంద్ బొమ్మ ఒక్కటే. ఆఖరు పేజీలో ఖతూత్ కోసం జాగా వదిలారు. గెర్న్స్‌బ్యాక్ సంగతి నేను చెప్పడంతో తమ పతా వేస్తామన్నారు, అమ్మలందరూ ఒక్క గొంతుతో నహీ అన్నారు. చివరికి ఉత్తరాలన్నీ నా పేరు మీద రావాలని ఫైసలా అయింది.

మొన్న జుమా నాడు మొదటి ఖత్ వచ్చింది, నాగర్‌కర్నూల్ నుంచి, ఇన్‌లాండ్ లెటర్ మీద, ఉర్దూలో. రాసింది ఒక బుజుర్గ్. తెలుగు తనకు రాదట, మనవరాలు చదివి వినిపించిందట. కథ పసంద్ వచ్చిందట గాని ఒక సవాల్ ఉందట: చాంద్ అవతలి ముఖం మీద ఇల్లు కట్టుకున్నవాళ్లకు భూమి ఎప్పుడూ కనిపించదు కదా, మరి వాళ్లు ఖిబ్లా ఎట్లా పెట్టుకోవాలి? ఖత్ నేను చదివి తర్జుమా చేసి చెప్పాను. భాంజీ జవాబు రాస్తోంది, రెండో సంచికకు అదే కథ అంటోంది.